చేప పిల్లల కొనుగోలు, కుంటలలో వాటి పోషణ
(ఖమ్మం – భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామముల రైతులకు)

వరి విత్తనము మొలవకపోయిన యెడల వారము దినములలో మీకు తెలియును. మరల నారు పోసికొనుటకు వ్యవధి యుండును. కాని చేప పిల్ల బ్రతకని సంగతి నీటి అడుగున దాగియుండును. ఆగస్టులో కుంటలో విడిచిన పిల్లలు ఎన్ని నిలిచినవో మార్చిలో వల లాగిన నాడు గాని బయటపడదు. అప్పటికి నీరు అడుగంటును, తవుడునకు పెట్టిన సొమ్ము కరగిపోవును, ఆ సంవత్సరము మరల రాదు. "ఈ ఏడు చేప కలిసి రాలేదు" అని సరిపెట్టుకొనుట తప్ప చేయునది యుండదు.

నిజమునకు ఇట్టి నష్టములలో ఎక్కువ భాగము చేపలు పెరుగుచుండగా కలుగునది కాదు. పిల్లలను కొన్న చోట, తెచ్చిన దారిలో, నీటిలో విడిచిన మొదటి రెండు దినములలో కలుగునది. కావున మీరు సొమ్ము చెల్లించిన పిల్లల సంఖ్య ముఖ్యము కాదు. మూడవ నాటి ఉదయము మీ కుంటలో బ్రతికియున్న పిల్లల సంఖ్య ముఖ్యము. ఆ లెక్కను పెంచుకొనుట ఎట్లు, తెలిసికొనుట ఎట్లు అను విషయములను ఈ వ్యాసములో వివరించుచున్నాము.

మన ప్రాంతపు నీరు

ఖమ్మం జిల్లాలో వైరా, పాలేరు వంటి పెద్ద జలాశయములు కలవు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో కిన్నెరసాని, తాలిపేరు జలాశయములున్నవి. అయితే అశ్వారావుపేట, దమ్మపేట, ములకలపల్లి, జూలూరుపాడు, ఏన్కూరు, దుమ్ముగూడెం, చర్ల వైపు గ్రామములలో రైతు చేతిలో ఉండునది చిన్న కుంట లేక పంట కుంట మాత్రమే. ఇవి జూన్ చివర నుండి నిండుట మొదలుపెట్టి, మార్చి, ఏప్రిల్ నెలలలో ఎండును. అనగా చేపకు దొరకునది 7 లేక 8 నెలల కాలము. ఈ స్వల్ప కాలములో మొదటి రెండు నెలలు బలహీనమైన పిల్లలతో గడచిపోయిన యెడల మిగిలిన కాలములో అమ్మకమునకు తగిన చేప తయారు కాదు.

అడవి అంచున ఉండుట వలన మనకు ఒక ఇబ్బంది, ఒక సౌకర్యము కలవు. వానలకు వాగులు పొంగి కుంటలలోనికి వచ్చునపుడు వాలుగ, కొర్రమీను, జెల్ల మొదలగు మాంసాహారి చేపలు వెంట వచ్చుట ఇబ్బంది. వాటిని తొలగించుటకు పనికివచ్చు ఇప్ప చెక్క మన ఊళ్ళలోనే దొరకుట సౌకర్యము. దీనిని గూర్చి ముందు చెప్పుదుము.

చేప విత్తనము ఎచ్చట నుండి వచ్చును?

బొచ్చె, శీలావతి, మోసు అనునవి నిలిచిన నీటిలో తమంతట తాము గ్రుడ్లు పెట్టవు. వరద కాలమున పారు నదిలోనే అవి గ్రుడ్లు పెట్టును. అందువలన పూర్వము నదులలో వరద సమయమున గుడ్డ వలలు కట్టి పిల్లలను పట్టి చెరువులలో వేయుచుండెడివారు. అట్లు పట్టిన పిల్లలలో మంచి జాతులతో పాటు వాలుగ పిల్లలు, కలుపు చేపలు కూడ కలిసి వచ్చుచుండెను. 1957 జూలై 10 వ తేదీన ఒడిశాలోని అంగుల్‌లో శాస్త్రజ్ఞుడు హీరాలాల్ చౌధురి చేప పీయూష గ్రంథి రసమును సూదిమందుగా ఇచ్చి తల్లి చేపలచే చెరువులోనే గ్రుడ్లు పెట్టించెను. దానితో మన దేశములో చేప విత్తనపు కొరత తీరుటకు మార్గమేర్పడినది. ఆ దినమును నేడు జాతీయ మత్స్య రైతు దినోత్సవముగా జరుపుచున్నారు.

నేడు మన వైపునకు వచ్చు పిల్లలలో చాల భాగము కొల్లేటి తీరమున కైకలూరు పరిసరములలోని విత్తన కేంద్రముల నుండి వచ్చుచున్నవి. అచ్చట నుండి ఏలూరు మీదుగా అశ్వారావుపేట చేరుటకు 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణము. తెలంగాణలో 2016 నుండి ప్రభుత్వము మత్స్యకారుల చెరువులకు ఉచితముగా పిల్లలను పంపిణీ చేయు పథకమును కూడ చేపట్టినది. సొమ్ము పెట్టి కొన్న పిల్లలైనను, ఉచితముగా వచ్చిన పిల్లలైనను పరీక్ష ఒక్కటే. ఉచితముగా వచ్చినవి గదా యని లెక్క చూడక వదలిన యెడల పోవునది పిల్లలు మాత్రమే కాదు, మీ కుంటకు ఒక ఏడాది.

గుంపు కూర్పు

చేపలను కొనుట యనగా ఒకే రకమును వేలకొలది కొనుట కాదు. కుంటలో మూడు అంతస్తులున్నవని భావింపుడు. బొచ్చె పై నీటిలో తిరుగుచు కంటికి కనిపించని సూక్ష్మ జీవులను తినును. శీలావతి నడిమి నీటిలో తిరుగును. మోసు అడుగున చేరి బురదలోని కుళ్ళిన పదార్థములను తినును. మూడు రకములు కలిసియున్న యెడల కుంటలోని సహజ ఆహారమంతయు వినియోగమగును. ఒకే రకము వేసిన యెడల ఒక అంతస్తులో ఆకలి, మిగిలిన రెండు అంతస్తులలో వృథా.

గుంపు యనగా సంఖ్య కాదు, కూర్పు అను సంగతి చేపలను వేడుకకు పెంచువారికి కూడ తెలియును. సముద్రములో పగడపు దిబ్బల వద్ద ఆంథియాస్ అను చిన్న రంగు చేపలు గుంపులుగా నివసించును. పట్టణములలో ఉప్పు నీటి గాజు తొట్టెలలో వీనిని పెంచువారు కలరు. ఈ గుంపులో ఒక మగ చేపకు అనేక ఆడ చేపలుండును. మగ చేప చనిపోయిన యెడల ఆడ చేపలలో పెద్దది క్రమముగా మగదిగా మారును. కావున తెలిసినవారు ఒక మగ చేపను, ఎక్కువ ఆడ చేపలను కలిపి గుంపుగా కొందురు. అంగడిలోనే మేత తినుచున్నవో లేదో చూచి మరీ కొందురు. ఇంటికి తెచ్చిన పిదప కొద్దికొద్దిగా దినమునకు పలుమారులు మేత వేయుదురు. వేడుకకు పది చేపలు కొనువారు ఇంత శ్రద్ధ తీసికొనునపుడు, జీవనమునకు రెండు వేల పిల్లలు కొను రైతు ఎంత శ్రద్ధ తీసికొనవలెనో యోచింపుడు.

ఎకరము విస్తీర్ణము, నాలుగైదు అడుగుల లోతు గల కుంటకు 2,000 పిల్లలు చాలును. వీనిలో నూటికి 40 బొచ్చె, 30 శీలావతి, 30 మోసు ఉండవలెను. అనగా బొచ్చె 800, శీలావతి 600, మోసు 600. కుంటలో నాచు ఎక్కువగా ఉన్న యెడల నూటికి 5 వరకు గడ్డి చేప పిల్లలను కలుపవచ్చును. కొల్లేటి ప్రాంతపు రైతులు శీలావతినే ఎక్కువగా వేయుదురు గదా యని మీరు అడుగవచ్చును. వారు ఏడాది పొడుగునా నీరు నిలిపి, దినదినము బస్తాలకొలది తవుడు వేయగలరు. వాన నీటి మీద ఆధారపడిన మన కుంటలో సహజ ఆహారమే ప్రధానము. కావున వారి పద్ధతిని ఉన్నదున్నట్లు అనుసరింపరాదు.

కుంటను సిద్ధము చేయుట

పిల్లలను తెచ్చుటకు నెల రోజుల ముందే ఈ పని మొదలు కావలెను. వేసవిలో కుంట పూర్తిగా ఎండి నేల నెర్రెలు విచ్చిన యెడల మంచిది. ఎండకు కలుపు చేపలు చాలవరకు నశించును. అయితే కొర్రమీను, మార్పు వంటివి గాలి పీల్చు చేపలు. అవి తడి బురదలో దాగి బ్రతుకగలవు. కావున తడి ఆరని గుంటలను వెదకి వాటిని పట్టివేయవలెను.

నీరు పూర్తిగా ఎండని కుంటలో ఇప్ప చెక్కను వాడవలెను. ఇప్ప గింజల నుండి నూనె తీయగా మిగిలిన చెక్కలో సపోనిన్ అను పదార్థము ఉండును. అది చేపల మొప్పలపై, రక్తముపై పనిచేసి వాటిని చంపును. కొన్ని వారములలో దాని విషశక్తి పోయి, చెక్క ఎరువుగా మారును. పురుగు మందులకు ఈ గుణము లేదు. కావున కలుపు చేపలను చంపుటకు ఏనాడును పురుగు మందులను కుంటలో పోయరాదు.

మోతాదు: ఘనపు మీటరు నీటికి 250 గ్రాముల చెక్క కావలెను. ఎకరము కుంటలో మీటరు లోతు నీరున్న యెడల సుమారు 1,000 కిలోలు పట్టును. అదే కుంటలో నీరు అడుగు లోతునకు తగ్గిన పిదప వాడిన యెడల సుమారు 300 కిలోలు సరిపోవును. పావు ఎకరము కుంటలో అడుగు నీరున్నచో 77 కిలోలు చాలును. కనుక నీరు తగ్గిన తరువాతనే చెక్కను వాడుట పొదుపు. చెక్కను పొడి చేసి, రాత్రి నానబెట్టి, మరునాడు ఎండ కాయుచుండగా కుంట అంతటను సమముగా చల్లి వల లాగి కలియబెట్టవలెను.

ఇప్ప కాయలు జూన్, జూలై నెలలలో పండును. మీకు చెక్క కావలసినది అంతకు ముందే. కావున గింజలను ఆడించి నూనె తీసినపుడు వచ్చిన చెక్కను పారవేయక, మరు వేసవి కొరకు పొడి చోట నిలువ చేసికొనవలెను. మీ ఊరిలో లేని యెడల ఇప్ప నూనె తీయు కోయ గ్రామములలో ముందుగా చెప్పి ఉంచుకొనవలెను.

ఒక హెచ్చరిక. మీ స్వంతమైన, నలువైపుల గట్టు గల కుంటలోనే ఇప్ప చెక్కను వాడవలెను. పారు వాగులో గాని, అడవిలోని మడుగులో గాని కలుపరాదు. అందులోని చేప పది ఊళ్ళ ఆహారము.

చెక్క వాడిన వారమునకు ఎకరమునకు సుమారు 100 కిలోల సున్నము చల్లవలెను. ఇప్ప చెక్క వాడిన కుంటకు మొదటి విడత పేడ ఎరువు అవసరముండదు. వాడని కుంటకు ఎకరమునకు ఒక టన్ను పచ్చి పేడ వేయవలెను. నీరు వచ్చు దారికి, అలుగునకు సన్నని వల గాని, వెదురు తడిక మీద వల బిగించి గాని అడ్డు కట్టవలెను. తడికకు చెత్త పట్టి నీరు గట్టు పొర్లిపోకుండ వాన కురిసినపుడెల్ల దానిని శుభ్రపరచవలెను.

చెక్క విషము పోయినదో లేదో తెలిసికొనుటకు మూడు వారముల తరువాత నాలుగైదు చిన్న చేపలను సన్నని వల గుడ్డతో కుట్టిన తొట్టెలో వేసి కుంటలో ఒక దినము ఉంచవలెను. ఈ వల తొట్టెను హాపా అందురు. మరునాటికి అవి చురుకుగా ఉన్న యెడల కుంట పిల్లలకు సిద్ధమైనట్లే.

ఎంత పిల్లను కొనవలెను?

అంగుళమున్నర పిల్ల చవుక. నాలుగు అంగుళముల పిల్ల ఖరీదు. అయినను 7 నెలల నీరు గల కుంటకు నాలుగు అంగుళముల పిల్లయే మేలు. చిన్న పిల్లను కప్ప మ్రింగును, నీటి పాము మ్రింగును, లకుముకి పిట్ట తన్నుకొని పోవును, తప్పించుకొని మిగిలిన ఒక్క వాలుగ వందలకొలది తినివేయును. నాలుగు అంగుళములు దాటిన పిల్లకు ఈ శత్రువులలో చాల వాటి బెడద తగ్గును.

పెద్ద పిల్లను కొనుటకు శక్తి లేని యెడల వేరొక మార్గము కలదు. పది సెంట్ల చిన్న గుంటను శుభ్రముగా సిద్ధపరచి, జూలైలో చిన్న పిల్లలను దానిలో వేసి, రెండు మూడు నెలలు పెంచి, పెద్ద కుంటలోనికి మార్చవలెను. గోదావరి ఒడ్డు గ్రామములకు ఈ పద్ధతి మరింత క్షేమకరము. భద్రాచలము వద్ద నీటి మట్టము 43 అడుగులకు చేరిన మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ఇత్తురు. 1986 ఆగస్టులో వరద 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. జూలై, ఆగస్టు నెలలలో పల్లపు కుంటలో వేసిన పిల్లలు ఇట్టి వరదకు గట్టు దాటి పోవును. మెరక మీది గుంటలో ఉన్న పిల్లలు నిలుచును. వరదలు తగ్గిన పిదప సెప్టెంబరులో వాటిని దింపుకొనవచ్చును.

కొనునపుడు చూడవలసినవి

విత్తన కేంద్రమునకు స్వయముగా వెళ్ళవలెను. ఫోనులో బేరమాడి వచ్చినవి తీసికొనుట మంచిది కాదు. వెళ్ళినచోట ఈ క్రింది పరీక్షలను చేయవలెను.

1. వెడల్పైన పళ్ళెములో నీరు పోసి కొన్ని పిల్లలను వేసి, చేతితో నీటిని గుండ్రముగా త్రిప్పవలెను. బలమైన పిల్లలు నీటికి ఎదురీదును. బలహీనమైనవి సుడిలో పడి నడుమకు చేరును. నడుమకు చేరినవి ఎక్కువగా ఉన్న ఆ మడి పిల్లలను కొనరాదు.

2. తల పెద్దదిగా, ఒడలు సన్నగా ఉన్న పిల్ల ఆకలిపాలైనది. బొచ్చెకు సహజముగానే తల పెద్దది. కావున దాని వీపు, పొట్ట కండ పట్టియున్నదా యని చూడవలెను.

3. రెక్కలు చిరిగినవి, పొలుసు రాలినవి, ఎర్రని మచ్చలు గలవి, దూది వంటి బూజు పట్టినవి, చేప పేను అంటుకొన్నవి వదలివేయవలెను.

4. పిల్లలు ఒకే పరిమాణములో ఉండవలెను. చిన్నవి పెద్దవి కలిసిన గుంపులో మేత పెద్దవాటికే దక్కును.

5. జాతులను గుర్తింపవలెను. బొచ్చెకు తల పెద్దది, నోరు పైకి తిరిగియుండును. శీలావతికి పెదవుల అంచు కుచ్చులవలె ఉండును. మోసు ఒడలు పొడవు, నోరు క్రిందికి ఉండును, పెదవులు పలుచన. మీసములు పొడవుగా, చర్మము పొలుసు లేక నున్నగా ఉన్న పిల్ల ఒక్కటి కనిపించినను మొత్తము గుంపును మరల చూడవలెను. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకము మన దేశములో నిషేధింపబడినది. అది కుంటలో చేరిన తక్కిన పిల్లలను మిగల్చదు, వరదలో వాగులకెక్కిన అడవి చేపలను కూడ మ్రింగును.

6. లెక్క చూచుకొనవలెను. పిల్లలను చిల్లుల గిన్నెతో కొలిచి ఇత్తురు. ఒక్క గిన్నెను లెక్కించి హెచ్చవేయుట చాలదు. మీరు కోరిన మూడు గిన్నెలను మీ ఎదుట లెక్కింపజేసి సగటు తీయవలెను.

7. బయలుదేరుటకు ఒక దినము ముందు పిల్లలకు మేత ఆపి, వల తొట్టెలో ఇరుకుగా ఉంచుమని చెప్పవలెను. కడుపు నిండిన పిల్ల దారిలో మలము విడిచి సంచిలోని నీటిని పాడుచేయును. వల తొట్టెలో ఇరుకునకు అలవాటుపడిన పిల్ల ప్రయాణమునకు ఓర్చును.

దారిలో

పాలిథీన్ సంచిలో మూడవ వంతు నీరు, మిగిలిన రెండు వంతులు ప్రాణవాయువు ఉండవలెను. దూరము పెరిగినకొలది సంచికి వేయు పిల్లల సంఖ్య తగ్గవలెను. రెండు సంచుల ఖరీదు మిగిల్చుకొనుటకై ఇరికించిన యెడల సంచులు మిగులును గాని పిల్లలు మిగలవు. సంచిని రెండవ సంచిలో గాని, అట్ట పెట్టెలో గాని ఉంచిన రాపిడికి చిరగదు.

రాత్రి చల్లబడిన పిదప బయలుదేరి తెల్లవారునప్పటికి కుంట చేరునట్లు చూచుకొనవలెను. దారిలో ఎండలో బండిని నిలుపరాదు. ఆలస్యమైన యెడల సంచులపై తడి గోనెలు కప్పవలెను. సంచిని విప్పి దారిలోని బోరు నీరు పోయుట పొరపాటు. ఆ నీటి వేడి, గుణము వేరగుటచే పిల్లలు తల్లడిల్లును.

నీటిలో విడుచుట

కుంట చేరినంతనే సంచి విప్పి క్రుమ్మరించుట మన వైపు సాధారణముగా కనిపించు అలవాటు. పిల్లలు అప్పటికి ఈదుచు పోయినట్లే కనిపించును. సంచి నీటికి, కుంట నీటికి వేడిలో గల భేదము వలన అవి ఆ రాత్రికో మరునాటికో అడుగున పడి చచ్చును. తేలని చావును ఎవ్వరును చూడరు.

చేయవలసినది ఇది. సంచులను మూతి విప్పకుండ కుంట నీటిపై 20 నిమిషములు తేలవేయవలెను. పిదప మూతి విప్పి, కొద్దికొద్దిగా కుంట నీటిని చేర్చుచు మరియొక 15 నిమిషములు ఆగవలెను. తరువాత లీటరు నీటికి 20 గ్రాముల ఉప్పు కలిపిన తొట్టెలో పిల్లలను ఒకటి రెండు నిమిషములు ముంచి తీసిన పుండ్లు, పేలు, బూజు వంటివి చాలవరకు అరికట్టబడును. పిల్లలు ఒరిగిపోవుచున్న యెడల వెంటనే తీసివేయవలెను. చివరకు పిల్లలను కుంట నీటితో నింపిన పాత్రలోనికి మార్చి, పాత్రను కుంటలో ఒక వైపునకు వంచి, పిల్లలు తమంతట తామే ఈదుకొని పోవునట్లు చేయవలెను. పైనుండి పోయరాదు. ఈ పని ఉదయము గాని సాయంకాలము గాని చేయవలెను.

మూడవ నాటి లెక్క

ఇది ఖర్చు లేని పని. అయినను చేయువారు తక్కువ. పిల్లలను విడుచునపుడే అన్ని సంచుల నుండి కొన్ని కొన్ని చొప్పున మొత్తము 100 పిల్లలను ఏరి, కుంటలో కట్టిన హాపాలో వేయవలెను. ఏరునపుడు మంచివి, చెడ్డవి అని చూడరాదు, చేతికి వచ్చినవి వేయవలెను. రెండు దినములు గడచి, మూడవ నాటి ఉదయము హాపాను ఎత్తి లెక్కింపవలెను. అందులో 92 బ్రతికియున్న యెడల కుంటలోని 2,000 లో సుమారు 1,840 ఉన్నవని భావింపవచ్చును. 70 మాత్రమే ఉన్న యెడల 1,400 గా లెక్కించి, కాలము మించక మునుపే లోటును పూరింపవలెను. అమ్మినవారితో మాటలాడుటకు కూడ ఈ లెక్క ఆధారమగును. కావున లెక్కించునపుడు ఇరుగుపొరుగు వారిని పిలుచుకొనుట మంచిది.

మేత

ఈ లెక్క మేతకు కూడ పునాది. తవుడు, వేరుశనగ చెక్క సమపాళ్ళలో కలిపి, చేపల మొత్తము బరువులో నూటికి 2 లేక 3 వంతులు దినమునకు వేయవలెను. చేపలు ఒక్కొక్కటి 50 గ్రాములున్నవనుకొందము. 2,000 చేపలున్నవని తలచిన దినమునకు 3 కిలోల మేత పడును. నిజముగా ఉన్నవి 1,400 అయిన 2 కిలోల 100 గ్రాములు చాలును. మిగిలిన 900 గ్రాములు ప్రతిదినము అడుగున కుళ్ళి, నీటిలోని ప్రాణవాయువును హరించి, ఉన్న చేపలకే ముప్పు తెచ్చును. లెక్క తెలియని రైతు సొమ్ము పెట్టి కుంటను పాడుచేసికొనుచున్నాడన్నమాట.

మేతను కుంటలో చల్లుటకంటె, చిన్న చిల్లులు గల సంచిలో నింపి గుంజకు కట్టి వ్రేలాడదీయుట మేలు. ఆంధ్ర తీరపు చేపల చెరువులలో ఈ పద్ధతి వాడుకలో ఉన్నది. సాయంకాలమునకు సంచిలో మేత మిగిలిన మరునాడు తగ్గింపవలెను. నెలకొకమారు చిన్న వల వేసి 50 చేపలను తూచి సగటు బరువు తెలిసికొని, మేతను సరిచేసికొనవలెను.

నీటిని కనిపెట్టుట

మోచేతి వరకు చేతిని నీటిలో ముంచి చూడుడు. మోచేయి మునుగునప్పటికి అరచేయి కనిపించకున్న, నీరు లేత ఆకుపచ్చగా ఉన్న చేపకు సహజ ఆహారము చాలినంత ఉన్నదని అర్థము. అరచేయి స్పష్టముగా కనిపించిన పేడ వేయవలెను. మణికట్టు వద్దనే కనుమరుగైన పేడను, మేతను నిలుపవలెను.

ముసురు పట్టిన దినములలో తెల్లవారుజామున కుంట గట్టుకు వెళ్ళి చూడవలెను. రాత్రి వేళ ప్రాణవాయువు తగ్గుచు పోయి, సూర్యోదయమునకు ముందు మిక్కిలి తక్కువగా ఉండును. చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచి గుటకలు వేయుచున్న యెడల అది ఆట కాదు, ఊపిరాడని బాధ. వెంటనే మేత నిలిపి, ఇంజను పెట్టి కుంట నీటినే పైనుండి చిమ్మవలెను. ఇంజను లేనిచో నలుగురు దిగి కొమ్మలతో నీటిని చరచవలెను.

మన జిల్లాలో మిరప, ప్రత్తి విస్తారముగా పండును. వాటిపై కొట్టు పురుగు మందులు చేపకు ప్రాణాంతకములు. స్ప్రేయరును కుంటలో కడుగుట, ఖాళీ డబ్బాలను గట్టుపై పారవేయుట ఒక పూటలో గుంపునంతను తుడిచిపెట్టగలదు. ఎగువ చేను వారితో ముందే మాటలాడి, చేను నీరు కుంటలోనికి దిగకుండ చిన్న కాలువ త్రవ్వుకొనవలెను. ఇది తగవుతో కంటె స్నేహముతో సాధ్యమగు పని.

పట్టుబడి

జనవరి నుండి పెద్దవైన చేపలను కొంత కొంత పట్టి అమ్మిన మిగిలిన వాటికి చోటు, ఆహారము పెరుగును. నీరు అడుగంటువరకు ఆగి, అందరును ఒకే వారమున వల వేసిన ధర పడిపోవును. పట్టిన చేపల సంఖ్యను జాతి వారీగా పుస్తకములో వ్రాసికొనవలెను. మూడవ నాటి లెక్క ప్రక్కన ఈ లెక్కను ఉంచి చూచిన, నష్టము మొదటి మూడు దినములలో కలిగినదా, తరువాత కలిగినదా తెలియును. మొదట కలిగిన విత్తనమును, ప్రయాణమును సరిచేసికొనవలెను. తరువాత కలిగిన శత్రు చేపలను, తడికను, గట్టును చూచుకొనవలెను. మరు సంవత్సరము ఏ పని మార్చవలెనో ఆ పుస్తకమే మీకు చెప్పును.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. ఎకరమునకు 2,000 పిల్లలు. బొచ్చె 40, శీలావతి 30, మోసు 30 పాళ్ళు.
2. కుంట సిద్ధము కాక మునుపు పిల్లలను తేరాదు.
3. తక్కువ నీటి కాలపు కుంటకు నాలుగు అంగుళముల పిల్ల.
4. పళ్ళెపు నీటిలో ఎదురీదు పిల్లలనే కొనవలెను.
5. రాత్రి ప్రయాణము, ఉదయము విడుదల, నీటికి నీరు కలిపి ఓపికతో విడుచుట.
6. 100 పిల్లలతో హాపా. మూడవ నాడు లెక్క.
7. బ్రతికిన చేపల లెక్కను బట్టియే మేత.

ఖమ్మం జిల్లా పాలేరులో మత్స్య పరిశోధన కేంద్రము, వైరాలో కృషి విజ్ఞాన కేంద్రము కలవు. జిల్లా మత్స్య శాఖ కార్యాలయమును కూడ సంప్రదింపవచ్చును. వెళ్ళునపుడు మీ కుంట వైశాల్యము, లోతు, నీరు నిలుచు నెలలు వ్రాసికొని పోయిన యెడల సరియైన సలహా దొరకును. వాన మీద, వరద మీద మనకు అధికారము లేదు. పిల్లలను ఎంచుట, తెచ్చుట, విడుచుట, లెక్కించుట మన చేతిలోని పనులు. ఈ నాలుగింటిని సక్రమముగా చేసిన రైతు మార్చిలో వల లాగునపుడు దానిలో ఎంత బరువు ఉండునో ముందే ఎరిగియుండును.